విందుకు ఏ మిఠాయి తీసుకువెళదాం?

మార్చి నెల. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం చివరి గంట కొట్టగానే తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు నా బల్ల చుట్టూ చేరారు. నిరుడు వాళ్లతో కలిసి చదివిన స్నేహితురాలు ఇప్పుడు పక్క మండలంలో ఉంటోంది. ఆ శనివారం రాత్రి వీళ్లను తమ కొత్త ఇంటికి భోజనానికి పిలిచింది.

"వట్టి చేతులతో వెళ్లకూడదని అమ్మ చెప్పింది మాస్టారూ! ఏ మిఠాయి తీసుకువెళితే బాగుంటుంది?" అని అడిగింది ఒకమ్మాయి.

"మీలో మీరు ఏమనుకున్నారు?" అన్నాను.

ఒకరు పాలకోవా అన్నారు. ఒకరు రసగుల్లాలు అన్నారు. మూడో అమ్మాయి, "మా అమ్మ వేడివేడిగా బొబ్బట్లు చేసి ఇస్తానంది" అని చెప్పింది. నాలుగో అబ్బాయి కాస్త బెరుకుగా, "మా నాయనమ్మ నాలుగు రోజుల కిందట అరిసెలు చేసింది" అన్నాడు. మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు. "నాలుగు రోజులవా! ఎవరైనా విందుకు పాతవి పట్టుకెళతారా?"

నేను నవ్వలేదు. "ఎన్ని గంటలకు బయలుదేరతారు? భోజనం ఎన్నింటికి?" అని అడిగాను. ఒంటిగంటకు బయలుదేరి, రెండు బస్సులు మారి వెళ్లాలి. భోజనం రాత్రి ఎనిమిదింటికి. అంటే మిఠాయి ఏడు గంటలసేపు ఎండ వేడిలో, సంచిలో ఉంటుందన్నమాట. ఆ ఏడు గంటలను దృష్టిలో పెట్టుకుని చూస్తే, నలుగురిలో సరైన మిఠాయిని ఎంచుకున్నది నవ్వులపాలైన ఆ అబ్బాయే!

ఎందుకో చెప్పేముందు, నేను చేసిన ఒక తప్పు వాళ్లకు చెప్పాను. మీకూ చెబుతాను.

నా పాలకోవా కథ

నేను బి.ఇడి. చదువుతున్న రోజులవి. మిత్రుడొకడు వాళ్ల ఊరికి భోజనానికి పిలిచాడు. నాకు వంటంటే సరదా. ఉదయం గేదెపాలు తెచ్చి, మరిగించి, పంచదార వేసి, కోవా బిళ్లలు చేశాను. రెండు రోజుల ముందు కత్తిపీట తగిలి నా చూపుడు వేలు తెగింది. దానికి చుట్టిన గుడ్డపీలికతోనే కోవా అంతా చేత్తో పిసికి బిళ్లలు ఒత్తాను. చల్లారాక డబ్బాలో సర్దుకుని బస్సెక్కాను. బస్సు కిటకిటలాడుతోంది. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద సంచి పెట్టి నిలబడ్డాను. అది వెచ్చగా ఉందని గమనించాను గాని, దాన్ని గురించి ఆలోచించలేదు.

రాత్రి ఎనిమిది మందిమి ఆ కోవా తిన్నాం. చక్కగా ఉంది. పులుపు లేదు, వాసన లేదు. పది దాటాక మొదలయింది కడుపులో తిప్పడం. తెల్లవారేలోగా అయిదుగురికి వాంతులు, విరేచనాలు. పెద్దవాళ్లం తట్టుకున్నాం. మిత్రుడి నాయనమ్మను మాత్రం ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకువెళ్లి సెలైను ఎక్కించవలసి వచ్చింది. ఆవిడ మంచం పక్కన కూర్చున్న ఆ రాత్రిని నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ కోవాను ఎవరూ ప్రయోగశాలలో పరీక్షించలేదు. కాబట్టి దోషి ఇదేనని రుజువు చూపలేను. కాని తరవాత చదువుకున్నకొద్దీ లక్షణాలన్నీ ఒకే సూక్ష్మజీవిని వేలెత్తి చూపించాయి.

ద్రాక్షగుత్తి లాంటి శత్రువు

దాని పేరు స్టెఫిలోకాకస్ ఆరియస్. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న గుండ్రని కణాలు గుత్తులుగా కనిపిస్తాయి. అందుకే స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1882లో గ్రీకు భాషలో ద్రాక్షగుత్తి అని అర్థం వచ్చేలా స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. ఇది ఎక్కడో మురికికాలవలో ఉండేది కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలోనే ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురి ముక్కులో ఇది కాపురముంటుంది. చీము పట్టిన గాయాల్లో, సెగగడ్డల్లో మరీ ఎక్కువ. అక్కడినుంచి చేతికి, చేతినుంచి ఆహారానికి చేరుతుంది.

ఆహారంలో చేరి ఊరుకోదు. పెరుగుతూ ఒక విషపదార్థాన్ని విడుదల చేస్తుంది. మనకు జబ్బు చేసేది ఆ విషమే. 1914లో ఎం.ఎ. బార్బర్ అనే శాస్త్రజ్ఞుడు ఫిలిప్పీన్స్‌లో ఒక వింత గమనించాడు. పొదుగువాపు ఉన్న ఒక ఆవు పాలను పితికిన వెంటనే తాగితే ఏమీ కావడం లేదు. అవే పాలు కొన్ని గంటలు బయట ఉంచి తాగితే వాంతులు! ఆయన ఆ పాలు స్వయంగా తాగి మరీ ఈ సంగతి తేల్చాడు. 1930లో చికాగోలో జి.ఎం. డాక్, ఆయన సహచరులు, క్రీము పెట్టిన కేకు తిని జబ్బుపడినవారి కేసును పరిశోధించారు. కేకులో దొరికిన సూక్ష్మజీవులను ద్రవంలో పెంచారు. తరవాత వాటిని వడగట్టి తీసేశారు. సూక్ష్మజీవులు లేని ఆ ద్రవం తీసుకున్నవారికి కూడా జబ్బు చేసింది.

ఇందులో రెండు భయంకరమైన విషయాలున్నాయి. ఒకటి: ఈ విషానికి రంగు, రుచి, వాసన లేవు. ముక్కుకీ నాలుకకీ దొరకదు. రెండు: మళ్లీ మరిగిస్తే సూక్ష్మజీవి చస్తుంది గాని, అది అప్పటికే విడుదల చేసిన విషం మామూలు వంట వేడికి పూర్తిగా నశించదు. "వేడి చేసుకుని తింటే సరి" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఏడు గంటల లెక్క

కోవా మరుగుతున్నప్పుడు సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కాని చల్లార్చి చేత్తో ఒత్తేటప్పుడు మళ్లీ చేరతాయి. ఒక గ్రాము కోవాలో నూరు చేరాయనుకుందాం. వెచ్చగా ఉండి, తేమ దొరికితే అరగంటకొకసారి ఒక్కొక్కటి రెండవుతుందనుకోండి. ఒంటిగంటకు 100. ఒంటిగంటన్నరకు 200. రెండింటికి 400. ఇలా వేసుకుంటూ పొండి. అయిదు గంటలు గడిచి, సాయంత్రం ఆరయ్యేసరికి 1,02,400! ఇంచుమించు గ్రాముకు లక్ష దాటితే జబ్బు చేయడానికి చాలినంత విషం తయారవుతుంది. ఎనిమిదింటికి విస్తట్లో వడ్డించే వేళకు ఆ సంఖ్య 16,38,400.

మరి దీన్ని ఆపడం ఎలా? సూక్ష్మజీవులు పెరగడానికి ఆహారం, వేడి, కాలం, నీరు కావాలి. మిఠాయిలోనుంచి ఆహారాన్ని తీసేయలేం. అది మనకూ ఆహారమే! మార్చి ఎండను తగ్గించలేం. బస్సు ప్రయాణాన్ని కుదించలేం. ఇక మన చేతిలో మిగిలింది ఒక్కటే: నీరు.

చక్కెర తీపి, నీటికి కాపలా

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. చక్కెర సూక్ష్మజీవులకు కూడా ఆహారమే కదా! చెరుకు రసం బయట పెడితే కొన్ని గంటల్లోనే పులుస్తుంది. మరి అదే రసాన్ని కాచి బెల్లం చేస్తే ఏడాదైనా పులవదేం?

ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని చిక్కని పంచదార పాకంలో వేస్తే మళ్లీ ముడుచుకుపోతుంది. ద్రవాభిసరణం పాఠంలో మీరు చేసిన ప్రయోగమే ఇది. పలచని ద్రావణం ఉన్నవైపునుంచి చిక్కని ద్రావణం ఉన్నవైపుకు నీరు పోతుంది. చిక్కని పాకంలో పడ్డ సూక్ష్మజీవి గతీ అంతే. దాని కణంలోని నీరు బయటికి లాగబడుతుంది. చుట్టూ నీరున్నా దానికి దక్కదు.

ఎందుకు దక్కదో ఒక పోలిక చెబుతాను. పెళ్లి పందిట్లో వడ్డించేవాళ్లు పదిమంది ఉన్నారు. తినేవారు ఇద్దరే అయితే మనం కేకేయగానే ఎవరో ఒకరు మంచినీళ్లు తెస్తారు. వందమంది కూర్చున్నారనుకోండి, పదిమందీ పనిలో మునిగి ఉంటారు. మనుషులున్నారు గాని ఖాళీగా ఎవరూ లేరు! నీటి అణువులూ అంతే. చక్కెర ఎక్కువైనకొద్దీ అవి చక్కెర అణువుల చుట్టూ చేరి తీరిక లేకుండా ఉంటాయి.

అందుకే శాస్త్రజ్ఞులు ఆహారంలో ఎంత నీరుందని మాత్రమే అడగరు. అందులో తీరికగా ఉన్న నీరెంత అని అడుగుతారు. దీన్ని 'జల క్రియాశీలత' అంటారు. శుద్ధమైన నీటికి దీని విలువ 1. నీరే లేకపోతే 0. సూక్ష్మజీవుల పెరుగుదల ఈ విలువను అనుసరించి ఉంటుందని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డబ్ల్యు.జె. స్కాట్ 1953లో చూపించాడు. ఆయన ప్రయోగాలు చేసింది కూడా మన ద్రాక్షగుత్తి మీదే.

కొన్ని విలువలు గుర్తుంచుకోండి. పాలకు ఇది సుమారు 0.99. 0.91 కన్న తగ్గితే చాలా రకాల బాక్టీరియా పెరగలేవు. స్టెఫిలోకాకస్ మొండిది, 0.86 దాకా తట్టుకుంటుంది. 0.80 కన్న తగ్గితే చాలా బూజులు కూడా ఆగిపోతాయి. 0.60 కన్న తక్కువైతే ఏ సూక్ష్మజీవీ పెరగదు. తేనె విలువ ఇంచుమించు ఈ హద్దు దగ్గరే ఉంటుంది. ఇక పంచదార మరి కరగనంతగా కలిపిన సంతృప్త ద్రావణానికి విలువ సుమారు 0.85. స్టెఫిలోకాకస్ హద్దుకు సరిగ్గా కొంచెం కింద!

నాయనమ్మ చేతిలో ఉష్ణమాపకం

ఇప్పుడు అరిసెల సంగతి చూద్దాం. బెల్లం పాకం పడుతున్నప్పుడు నాయనమ్మ ఏం చేస్తుంది? గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని, అందులో ఒక చుక్క పాకం వేసి, వేళ్లతో దగ్గరికి చేరుస్తుంది. జారిపోతే లేతపాకం. ఉండ కడితే అరిసెలకు పాకం వచ్చినట్లు. పప్పుచెక్కలకైతే ఇంకా కాచాలి. ఆ చుక్క గట్టిపడి, పళ్లెం మీద కొడితే టంగుమని మోగాలి. అది ముదురుపాకం.

ఇది వట్టి అలవాటు కాదు, నిక్కమైన కొలత. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. అందులో చక్కెర కరిగి ఉంటే ఇంకా ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. నీరు ఆవిరైపోయి పాకం చిక్కబడినకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. పంచదార పాకం తీగ సాగే వేళకు సుమారు 110 డిగ్రీలు, అందులో చక్కెర నూటికి 80 పాళ్లు. ఉండ కట్టే వేళకు 112 నుంచి 116 డిగ్రీలు, చక్కెర సుమారు 85 పాళ్లు. ముదురుపాకం 146 డిగ్రీలు దాటాక వస్తుంది. అప్పటికి నీరు నూటికి ఒక పాలు మాత్రమే మిగులుతుంది. బెల్లంలో ఇతర పదార్థాలు ఉంటాయి కనుక అంకెలు కాస్త మారతాయి గాని, సూత్రం అదే.

మన బడి ప్రయోగశాలలోని ఉష్ణమాపకం 110 డిగ్రీల దాకానే చూపిస్తుంది. నాయనమ్మ వేలు ఆ పైది కూడా చెబుతుంది!

అరిసెను ఆ తరవాత కాగే నూనెలో వేస్తారు. మిగిలిన తేమ కూడా చాలావరకు బుడగలుగా పోతుంది. పైగా ఒత్తి నూనె పిండేస్తారు. అందుకే మెత్తగా ఉన్నా అరిసె రోజుల తరబడి నిలవ ఉంటుంది.

నాలుగు మిఠాయిలకు మార్కులు

పిల్లల జాబితాను బోర్డు మీద రాసి, ఒక్కొక్కదానికి మార్కులు వేశాం.

పాలకోవా: పాలను కాచి నీటిని చాలావరకు పోగొట్టారు. నిజమే. కాని సూక్ష్మజీవులకు చాలినంత తేమ ఇంకా అందులో ఉంది. చేత్తో ఒత్తడం ఉంది. చల్లని చోట ఉంచి, త్వరగా తినేయాలి. ఏడు గంటల వేసవి ప్రయాణానికి పనికిరాదు.

రసగుల్లా: పాకంలో మునిగి ఉంటుంది కాబట్టి భద్రమనుకుంటాం. కాని అది లేతపాకం. స్పంజిలాంటి పాలవిరుగు ఆ నీటినంతా పీల్చుకుంటుంది. దీనికీ తక్కువ మార్కులే.

బొబ్బట్టు: ఉడికిన శనగపప్పులో బోలెడు నీరు. బెల్లం ఉన్నా, ఆ నీటినంతటినీ కట్టిపడేయడానికి చాలదు. ఇంటి దగ్గర తినడానికి దీన్ని మించింది లేదు. పొరుగూరికి మాత్రం వద్దు. పచ్చికొబ్బరి లౌజుదీ ఇదే కథ. పచ్చికొబ్బరిలో దాదాపు సగం నీరే. అదే ఎండుకొబ్బరి పెట్టిన కజ్జికాయ అయితే నిలవ ఉంటుంది.

అరిసె: నూటికి నూరు. దాని పక్కనే పప్పుచెక్కలు, నువ్వుండలు, సున్నుండలు, కాజాలు, పూతరేకులు. సున్నుండలో నీటిచుక్క కూడా వేయం. వేయించిన మినప్పిండి, చక్కెర, నెయ్యి అంతే. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులో కాగితంలాంటి బియ్యపు పొర, బెల్లం లేదా చక్కెర పొడి, నెయ్యి. వీటికి భయం సూక్ష్మజీవులతో కంటె గాలితోనే ఎక్కువ. చాలాకాలం ఉంటే నెయ్యి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాత వాసన వేస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే పూతరేకు మెత్తబడుతుంది.

మన లెక్క సరైందేనా? భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, దుకాణాల్లో విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన తెచ్చింది. అప్పుడు దుకాణదారులకు మార్గదర్శకంగా ఇచ్చిన పట్టికలో కలాకంద్‌కు చేసిన రోజే గడువు. రసగుల్లాకు రెండు రోజులు. శనగపిండి లడ్డుకు, చిక్కీకి 30 రోజులు. నీరు తగ్గినకొద్దీ గడువు పెరిగింది, చూశారా! ఈ గడువులు కూడా తగిన చోట ఉంచినప్పటి మాటే గాని, ఎండలో బస్సులో తిప్పినప్పటి మాట కాదు.

డబ్బాలో దొంగ

సరైన మిఠాయి ఎంచుకున్నా చేసే పొరపాటు ఒకటుంది. వేడిగా ఉండగానే డబ్బాలో సర్ది మూత బిగించడం. లోపలి ఆవిరి మూతకు తగిలి, చల్లబడి, చుక్కలుగా మళ్లీ మిఠాయి మీద పడుతుంది. నాయనమ్మ గంటసేపు పొయ్యి దగ్గర కూర్చుని పోగొట్టిన నీటిని మనం ఒక్క నిమిషంలో తిరిగి ఇచ్చేశామన్నమాట! ఆ చుక్క పడ్డచోటనే మొదట బూజు పడుతుంది. కాబట్టి పూర్తిగా చల్లారనిచ్చి, పొడి డబ్బాలో, పొడి చేత్తో సర్దండి. వేలికి గాయముంటే ఆ పని మరొకరికి అప్పగించండి. సబ్బుతో చేతులు కడుక్కోవడం సరేసరి.

పాలతో చేసిన తీపే కావాలనుకుంటే దానికీ ఒక దారి ఉంది. వండిన ఆహారం 5 డిగ్రీల లోపు చల్లగానో, 60 డిగ్రీలకు పైన వేడిగానో ఉంటే సూక్ష్మజీవులు పెరగవు, లేదా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. ఆ నడిమి వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

ఈ మాట విని ఆ బొబ్బట్ల అమ్మాయి కాసేపు ఆలోచించింది. "అయితే మాస్టారూ! సేమ్యా, జీడిపప్పు, పంచదార పొట్లం కట్టుకుని పోతాం. పాలు అక్కడే కొని, పాయసం వాళ్లింట్లోనే కాచి వేడివేడిగా వడ్డిస్తాం" అంది. పొడి వస్తువులకు బస్సులో ఏ భయమూ లేదు. పాఠం నాకంటె బాగా ఆమెకే పట్టుబడింది!

సోమవారం నలుగురూ నవ్వుతూ వచ్చారు. పాయసం గిన్నె ఖాళీ అయిందట. అరిసెలు మాత్రం రెండు మిగిలాయట. వాటిని ఆ స్నేహితురాలి తమ్ముడు దాచుకున్నాడట.

నా మిత్రుడి నాయనమ్మ సంగతి చెప్పనేలేదు కదూ! మూడో రోజుకు ఆవిడ కోలుకుంది. నేను తలదించుకుని నిలబడితే, "చేత్తో చేసి తెచ్చావు, అదే పదివేలు నాయనా! ఈసారి సున్నుండలు పట్రా" అంది. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఏటా పట్టుకెళ్లాను. డబ్బాలో సర్దేముందు నా వేళ్లు ఒకసారి చూసుకునేవాణ్ణి.

చేసి చూడండి

మూడు చిన్న గాజు గిన్నెలు తీసుకోండి. మొదటిదానిలో పావు గ్లాసు నీటికి ఒక చెంచా పంచదార కలపండి. రెండోదానిలో అంతే నీటికి పంచదార మరి కరగనంతవరకు కలపండి. మూడోదానిలో పొడి పంచదార వేయండి. ఒక్కొక్కదానిలో చిన్న రొట్టెముక్క వేసి, మూతపెట్టి, వారం రోజులు మూతలు తీయకుండా పైనుంచే చూడండి. ఏ గిన్నెలో ముందు మార్పు వచ్చిందో రోజూ రాసి పెట్టుకోండి. రుచి మాత్రం చూడవద్దు! వారం తరవాత మూతలు తీయకుండానే పెద్దవాళ్లకు చూపించి, వాళ్లచేత పారబోయించండి.